సొంత పార్టీకి నష్టమని తెలిసి కూడా నిలబడ్డవాళ్ళు ఉన్నారా? సంజీవరెడ్డి, శంకర్‌దయాళ్ శర్మ, ఇంకొందరి గురించి

ఇక్కడ ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "పార్టీ కంటే దేశం ముఖ్యం అని ప్రతి నాయకుడూ అంటాడు. రాష్ట్రపతి, స్పీకర్, గవర్నర్, అందరూ ఏదో ఒక పార్టీ నుంచి వచ్చినవాళ్ళే. మరి సొంత పార్టీని కాదని నిలబడ్డవాళ్ళు నిజంగా ఉన్నారా, ఉంటే గుర్తుపట్టేదెలా?"

నేను చాలా ఏళ్ళు అసెంబ్లీ, పార్లమెంటు వార్తలు రాసే పనిలో ఉండి రిటైరైనవాణ్ణి. ఉన్నారు తమ్ముడూ, తక్కువమందే గానీ ఉన్నారు. వాళ్ళని గుర్తుపట్టడానికి ఉపన్యాసాలు వినక్కర్లేదు. ఆయన తీసుకున్న నిర్ణయం వల్ల నష్టపోయింది ఎవరు, ఆ నిర్ణయం తీసుకునే రోజుకి ఆయన తర్వాతి పదవి ఎవరి చేతిలో ఉంది, ఈ రెండూ చూస్తే చాలావరకు తేలిపోతుంది. నా లెక్కలో రెండోదే అసలుది. ఎందుకో చెప్తాను, కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

ముందు నీలం సంజీవరెడ్డి గారి దగ్గర్నుంచి మొదలుపెడతా, ఎందుకంటే ఈ ప్రశ్నకి అటు సమాధానం, ఇటు ఎదురు సమాధానం రెండూ ఆయన జీవితంలోనే ఉన్నాయి. అనంతపురం జిల్లా ఇల్లూరు ఆయనది. 1956 లో ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి, ఆ తర్వాత కాంగ్రెస్ పార్టీకే జాతీయ అధ్యక్షుడు, మళ్ళీ ముఖ్యమంత్రి. 1964 లో కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. రాజకీయ ప్రత్యర్థుల్ని దెబ్బతీయడానికే ఆ రూట్లు ముందు తీసుకున్నారన్న ఆరోపణకి ముఖ్యమంత్రి వైపు నుంచి ఖండన అఫిడవిట్ కూడా రాలేదని కోర్టు ఎత్తిచూపింది, ఆయన రాజీనామా చేసేశారు. అంటే మచ్చలేని మహాత్ముడి కథ చెప్పట్లేదు నేను, పార్టీ రాజకీయాల్లో నిండా మునిగి తేలిన మనిషి గురించే చెప్తున్నా.

అలాంటి మనిషి 1967 లో హిందూపురం నుంచి లోక్‌సభకి గెలిచి, మార్చి 17న స్పీకర్ అయ్యారు. అప్పటి పరిస్థితి గుర్తుంచుకో, కాంగ్రెస్ 283 సీట్లకి పడిపోయింది, చాలా రాష్ట్రాల్లో అధికారం పోయింది, సభలో ప్రతిపక్షం బలంగా ఉంది. స్పీకర్ పదవికి కూడా పోటీ జరిగింది, ఎదురు నిలబడింది మన విశాఖ ఎంపీ తెన్నేటి విశ్వనాథం గారు. 278 ఓట్లు, 207 ఓట్లు. ఇద్దరు తెలుగువాళ్ళు లోక్‌సభ స్పీకర్ కుర్చీ కోసం పోటీపడ్డ రోజు అది, ఇప్పటి పిల్లలకి ఎవరూ చెప్పరు. ఎన్నికైన వెంటనే సంజీవరెడ్డి గారు 34 ఏళ్ళుగా సభ్యుడిగా ఉన్న కాంగ్రెస్‌కి రాజీనామా చేశారు. స్పీకర్ మొత్తం సభకి చెందినవాడు, ఒక పార్టీకి చెందినవాడు కాకూడదు అన్నది ఆయన వాదన. ఆయన ముందూ ఏ లోక్‌సభ స్పీకరూ అలా చెయ్యలేదు, ఆయన తర్వాతా చెయ్యలేదు. అదేదో మాటవరసకి చేసింది కూడా కాదు, రాష్ట్రపతి ప్రసంగం జరిగిన రోజే ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం చర్చకి అనుమతించారు, అంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు. తన్ని స్పీకర్‌ని చేసిన ప్రభుత్వానికి అది ఇష్టమైన పని కాదు కదా. ఇందిరాగాంధీకీ ఆయనకీ దూరం పెరగడానికి ఈ ధోరణి కూడా ఒక కారణమని అప్పటి సంగతులు రాసిన చాలామంది అంటారు.

ఇంతవరకు బాగుంది. ఇప్పుడు రెండో భాగం.

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు, ఆయనా తెలుగాయనే, పుట్టింది బరంపురంలో. జూలైలో బెంగళూరులో కాంగ్రెస్ పెద్దలు కూర్చుని, ఇందిరకి ఇష్టం లేకపోయినా, సంజీవరెడ్డిని అభ్యర్థిగా తేల్చారు. ఆయన ఒప్పుకుని జూలై 19న స్పీకర్ పదవికి రాజీనామా చేశారు. అదే రోజు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్స్ వచ్చింది, సంతకం పెట్టింది గిరి గారు, మర్నాడే ఆయన కూడా పదవి వదిలేసి ఇండిపెండెంట్‌గా బరిలోకి దిగారు. సంజీవరెడ్డి నామినేషన్ మీద ప్రతిపాదిస్తూ సంతకం పెట్టింది స్వయంగా ఇందిరాగాంధీ, తర్వాత ఆవిడే కాంగ్రెస్ సభ్యుల్ని అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యమన్నారు. ఇటువైపు కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప వెళ్ళి ప్రతిపక్షంలో ఉన్న జనసంఘ్, స్వతంత్ర పార్టీలని రెండో ప్రాధాన్య ఓట్లు అడిగారు (రాష్ట్రపతి ఎన్నికలో అభ్యర్థులకి వరసగా 1, 2 అని నంబర్లు ఇస్తారు, మొదటివాటితో తేలకపోతే రెండోవి కూడా లెక్కలోకి వస్తాయి). ఆగస్టు 16న ఓటింగ్, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్యంలో ఎవరికీ సరిపడా రాలేదు, రెండో ప్రాధాన్యం కలిపాక గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. నవంబరుకల్లా కాంగ్రెస్ రెండు ముక్కలైంది.

మరి ఇందులో దేశం కోసం నిలబడ్డది ఎవరు? ఇందిర వైపువాళ్ళు అంతరాత్మ అన్నారు, అవతలివాళ్ళు క్రమశిక్షణ అన్నారు, నాకు మటుకు రెండు వైపులా పార్టీ మీద పట్టు కోసం జరిగిన కొట్లాటగానే కనిపిస్తుంది. గిరి గారు పేరుకి ఇండిపెండెంట్, గెలిపించింది ప్రధానమంత్రి. అయితే ఒక మాట చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినవాణ్ణవుతా. ఇదే గిరి గారు 1954 లో కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డుని సొంత ప్రభుత్వమే మార్చేసిందని మంత్రి పదవి వదిలేశారు. ఆ రోజు ఆయన చేసింది నిఖార్సైన పని. ఒకే మనిషి ఒకసారి అలా, ఇంకోసారి ఇలా ఉంటాడు. అందుకే నేను మనుషులకి సర్టిఫికెట్లు ఇవ్వను, ఏ రోజు ఏం చేశారన్నదే చూస్తాను.

సంజీవరెడ్డి సంగతే చూడు. రెండేళ్ళ కిందట పార్టీకి రాజీనామా చేసిన మనిషి, అదే పార్టీ అభ్యర్థిగా, అందులోనూ పార్టీలో ఒక ముఠా తరఫు అభ్యర్థిగా నిలబడాల్సి వచ్చింది. 1967 లో ఆయన చేసింది అబద్ధం అని నేను అనను, అది నిజమే. కానీ స్పీకర్ అయినవాడికి ఆ పైన ఇంకో మెట్టు కనబడుతుంటే, ఆ మెట్టు ఎక్కించేది పార్టీయే అయితే, స్వతంత్రంగా ఉండటం ఎంత కష్టమో చూడమంటున్నా. స్పీకర్ల చరిత్ర ఒకసారి తిరగెయ్యి. జి.ఎస్.ధిల్లాన్ 1975 డిసెంబరులో, ఎమర్జెన్సీ నడుస్తుండగా, స్పీకర్ కుర్చీలోంచి లేచి నేరుగా కేంద్ర మంత్రివర్గంలోకి వెళ్ళారు. బలరాం జాఖడ్ తర్వాత రోజుల్లో వ్యవసాయ మంత్రి అయ్యారు, శివరాజ్ పాటిల్ హోంమంత్రి అయ్యారు. వీళ్ళు సభని బాగా నడపలేదని కాదు. రేపు మంత్రి పదవి ఇచ్చే చేతిని ఇవాళ ఎదిరించమని అడుగుతున్నాం మనం, ఆ చిక్కు చెప్తున్నా. బ్రిటన్‌లో ఈ చిక్కు కొంత విప్పుకున్నారు, స్పీకర్ అయితే పార్టీతో తెగతెంపులే, మళ్ళీ ఎన్నికలకి వెళ్ళినా పెద్ద పార్టీలు మామూలుగా ఆయన మీద పోటీ పెట్టవు, దిగిపోయాక ఎగువ సభకి పంపించే ఆనవాయితీ ఉంది. టికెట్ భయం లేదు, మంత్రి పదవి ఆశ లేదు.

మన దగ్గర ఆ భయం లేకుండా ఒక స్పీకర్ ఎలా ఉంటాడో సోమనాథ్ చటర్జీ చూపించారు. 1968 నుంచి సీపీఎం సభ్యుడు, పదిసార్లు ఎంపీ. 2008 జూలైలో అమెరికాతో అణు ఒప్పందం మీద లెఫ్ట్ పార్టీలు మన్మోహన్ ప్రభుత్వానికి మద్దతు ఉపసంహరించుకుని రాష్ట్రపతికి ఎంపీల జాబితా ఇచ్చాయి, అందులో స్పీకర్ పేరు కూడా రాసేశారు. పార్టీ రాజీనామా చెయ్యమంది. చెయ్యనన్నారు, స్పీకర్‌ని పార్టీ ఎంపీల లెక్కలో ఎలా కలుపుతారన్నదే ఆయన ప్రశ్న. జూలై 22న విశ్వాస పరీక్ష ఆయనే నడిపారు, ఓటు కోసం లంచం ఇచ్చారంటూ కొందరు ఎంపీలు సభలో నోట్ల కట్టలు తెచ్చి బల్ల మీద పెట్టిన రోజు అదే, 275 కి 256 తో ప్రభుత్వం గట్టెక్కింది. మర్నాడు పార్టీ ఆయన్ని బహిష్కరించింది. నలభై ఏళ్ళ అనుబంధం ఒక్క రోజులో పోయింది. తర్వాత ఆయన ఇంకో పార్టీలో చేరలేదు, 2009 లో పోటీ చెయ్యలేదు. ఆయనది తప్పని వాదించే లెఫ్ట్ మిత్రులు నాకు చాలామంది ఉన్నారు, పార్టీ టికెట్ మీద గెలిచినవాడు పార్టీ మాట వినాలి కదా అంటారు, ఆ వాదనలో బలం లేదని కూడా అనను. కానీ నేను ముందే చెప్పిన రెండు ప్రశ్నలు పెట్టి చూడు. నష్టం ఎవరికి? ఆయన పార్టీకి, ఆయనకి. లాభం? ఏ పదవీ రాలేదు.

మన బాలయోగి గారిది ఇంకో రకం. కోనసీమ బిడ్డ, అమలాపురం ఎంపీ, లోక్‌సభకి మొదటి దళిత స్పీకర్, 1998 లో ఆ కుర్చీ ఎక్కినప్పుడు ఢిల్లీలో చాలామందికి ఆయనెవరో కూడా తెలీదు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస ఓటు. తెలుగుదేశం ఆ ఓటింగ్‌లో ప్రభుత్వం వైపే. అటు గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి, ఎంపీ పదవికి మాత్రం ఇంకా రాజీనామా చెయ్యలేదు, ఓటెయ్యడానికి సభకి వచ్చారు. పెద్ద గొడవ. బాలయోగి గారు ఆ నిర్ణయం గమాంగ్ విజ్ఞతకే, ఆయన అంతరాత్మకే వదిలేశారు. గమాంగ్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటేశారు. 269 కి 270, ఒక్క ఓటుతో ప్రభుత్వం పోయింది. ఆ ఒక్క ఓటుని ఆపేసి ఉంటే సభలో లెక్కే మారిపోయేది, తన పార్టీ కోరుకున్న ఫలితానికి దారి దొరికేది, ఆయన ఆ పని చెయ్యలేదు. ఆయన రూలింగ్ సరైందా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నాకైతే, సభ్యుడిగా ఉన్నంతకాలం సభ్యుడి ఓటు హక్కు తీసే అధికారం స్పీకర్‌కి ఎక్కడిది అనిపిస్తుంది, ఆయన చేసిందే సరైంది. అదే ఏడాది అక్టోబరులో సభ మళ్ళీ ఆయన్నే స్పీకర్‌గా ఎన్నుకుంది. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు, చాలా చిన్న వయసు.

ఇప్పుడు గవర్నర్, రాష్ట్రపతి సంగతి. ఇక్కడ నేను ఎక్కువ చెప్పాలనుకున్న మనిషి శంకర్‌దయాళ్ శర్మ గారు, ఎందుకంటే ఆయన్ని జనం మర్చిపోయారు, మనవాళ్ళైతే అసలు మర్చిపోకూడదు. 1984 ఆగస్టు 16న ఏం జరిగిందో మా వయసువాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎన్టీఆర్ గుండె ఆపరేషన్ చేయించుకుని అమెరికా నుంచి అప్పుడే వచ్చారు, గవర్నర్ రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు, మెజారిటీ ఎమ్మెల్యేలు ఎన్టీఆర్ వైపు కళ్ళెదుట నిలబడి ఉండగానే. రాష్ట్రం భగ్గుమంది, దేశంలో ప్రతిపక్షాలన్నీ ఒక్కటయ్యాయి, ఎమ్మెల్యేలని రాష్ట్రపతి భవన్ దాకా తీసుకెళ్ళి చూపించారు. రాంలాల్ వెళ్ళిపోయాక ఆ స్థానంలోకి వచ్చింది శర్మ గారు. ఆయనేమీ తటస్థుడు కాదు, 1972 నుంచి 74 దాకా కాంగ్రెస్ జాతీయ అధ్యక్షుడిగా చేసిన మనిషి, పంపించింది ఇందిరాగాంధీ. ఆయన చేతుల మీదుగానే సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఇందులో జనం ఒత్తిడి ఉంది, ఢిల్లీకి వేరే దారి లేకపోవడమూ ఉంది, అదంతా నిజమే, కాబట్టి దీన్ని ఒక్క ఆయన ఖాతాలోనే వెయ్యను.

కానీ తర్వాత చూడు. ఉపరాష్ట్రపతిగా రాజ్యసభ నడుపుతున్నప్పుడు, అప్పటి మన గవర్నర్ కుముద్‌బెన్ జోషి ఖర్చుల మీద చర్చకి అనుమతిచ్చారు. కాంగ్రెస్ సభ్యులు, మంత్రులు కూడా ఆయన మీదకి లేచారు, సొంత పార్టీవాళ్ళే. నా రూలింగ్ మార్చను, కావాలంటే రాజీనామా చేస్తాను అన్నారాయన. చివరికి వాళ్ళే వెనక్కి తగ్గారు. రాష్ట్రపతి అయ్యాక, 1996 ఎన్నికల ముందు పి.వి. ప్రభుత్వం రెండు ఆర్డినెన్సులు పంపింది, ఒకటి దళిత క్రైస్తవుల రిజర్వేషన్ గురించి, రెండోది ఎన్నికల ప్రచార గడువు తగ్గించడం గురించి. ఎన్నికలు ముంగిట్లో పెట్టుకుని ఇలాంటివి ఆర్డినెన్స్‌గా తేవడం కుదరదని ఆయన సంతకం పెట్టలేదు. ఆ విషయాలు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ, దళిత క్రైస్తవుల డిమాండ్‌లో న్యాయం ఉందని నేనే నమ్ముతాను, ఆయన అడ్డుపడింది చేసే సమయానికి, పద్ధతికి. అదే ఏడాది మే నెలలో ఎవరికీ మెజారిటీ రాకపోతే, పెద్ద పార్టీగా వచ్చిన బీజేపీ నాయకుడు వాజ్‌పేయిని పిలిచి ప్రమాణం చేయించారు. జీవితమంతా కాంగ్రెస్‌లో ఉన్న మనిషి. ప్రభుత్వం 13 రోజులకే పడిపోయింది, అలా పిలవడం తప్పని అన్నవాళ్ళు ఉన్నారు, కానీ పాత పార్టీ కోసం చేశాడని మాత్రం ఎవరూ అనలేకపోయారు.

ఆయన తర్వాత వచ్చిన కె.ఆర్.నారాయణన్ గారు కూడా అంతే. 1997 లో గుజ్రాల్ ప్రభుత్వం ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్‌సింగ్ ప్రభుత్వాన్ని తీసేసి రాష్ట్రపతి పాలన పెట్టమని సిఫార్సు చేస్తే మళ్ళీ ఆలోచించుకోమని వెనక్కి పంపారు. ఏడాది తిరిగేసరికి వాజ్‌పేయి ప్రభుత్వం బీహార్‌లో రబ్రీదేవి ప్రభుత్వం మీద అలాంటి సిఫార్సే పంపితే అదీ వెనక్కి పంపారు. ఒకసారి బీజేపీ ప్రభుత్వం నిలబడింది, ఇంకోసారి బీజేపీ ప్రత్యర్థి ప్రభుత్వం. రెండు వైపులా ఒకే కొలత వాడాడా లేదా అని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు.

ఇప్పుడు దీనికి తిరగేసిన బొమ్మ. 1975 జూన్ 25 రాత్రి అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ఎమర్జెన్సీ ప్రకటన మీద సంతకం పెట్టారు, అప్పటికి మంత్రివర్గం సమావేశమే కాలేదు, మర్నాడు పొద్దున మంత్రుల్ని లేపి చెప్పారు. ఆ పని కూడా దేశం పేరు మీదే జరిగిందని గుర్తుపెట్టుకో తమ్ముడూ, దేశ భద్రతకి ముప్పు అన్నారు. అందుకే ఎవరైనా "దేశం కోసం పార్టీలు పక్కనపెట్టండి" అని అవతలివాళ్ళకి చెప్తుంటే నాకు వెంటనే అనుమానం వస్తుంది, ఆయన పక్కన పెట్టింది ఏంటో ముందు చూపించమంటాను. తర్వాత రాజ్యాంగానికి చేసిన 44వ సవరణతో మంత్రివర్గం రాతపూర్వకంగా నిర్ణయం పంపితే తప్ప ఎమర్జెన్సీ పెట్టడానికి లేదని, మంత్రివర్గ సలహాని రాష్ట్రపతి ఒకసారి తిప్పి పంపొచ్చని రాశారు. నారాయణన్ గారు వాడుకున్నది ఆ తిప్పి పంపే అధికారాన్నే. మనిషి గట్టివాడైతే చాలదు, చేతికి ఒక పట్టు కూడా ఉండాలి, అది చట్టం ఇవ్వాలి.

ఆ 44వ సవరణ వచ్చినప్పుడు రాష్ట్రపతి ఎవరనుకుంటున్నావు, మళ్ళీ సంజీవరెడ్డి గారే. 1969 లో ఓడాక అనంతపురం వెళ్ళి వ్యవసాయం చేసుకున్నారు, 1977 లో జనతా తరఫున నంద్యాల నుంచి గెలిచారు, ఆంధ్రప్రదేశ్‌లో 42 లో 41 కాంగ్రెస్‌కి పోతే మిగిలిన ఆ ఒక్కటీ ఈయనదే. మళ్ళీ స్పీకర్, నాలుగు నెలల్లోనే రాష్ట్రపతి, ఏకగ్రీవంగా. అంతా ఒప్పుకున్న మనిషి. కానీ 1979 లో అసలు పరీక్ష వచ్చింది. జూలై 15న జనతా ప్రధాని మొరార్జీ దేశాయ్ రాజీనామా, 28న చరణ్‌సింగ్ ప్రధానిగా ప్రమాణం, ఆగస్టులో బలం నిరూపించుకోమని షరతు, ఇందిర మద్దతు తీసేస్తే ఆగస్టు 20న సభ ముఖం చూడకుండానే చరణ్‌సింగ్ రాజీనామా. నాకు బలం ఉంది, అవకాశం ఇవ్వండని జనతా నాయకుడు జగ్జీవన్‌రామ్ అడుగుతూనే ఉన్నారు, 22న సంజీవరెడ్డి లోక్‌సభ రద్దు చేసేశారు. ఫిరాయింపులతో, బేరాలతో నడిచే ఇంకో ప్రభుత్వం దేశానికి మంచిది కాదు, జనం దగ్గరికే వెళ్దాం అనుకున్నారని ఆయన్ని సమర్థించేవాళ్ళు అంటారు. నేను ఒప్పుకోను. చరణ్‌సింగ్‌కి ఇచ్చిన అవకాశం జగ్జీవన్‌రామ్‌కి కూడా ఇచ్చి, సభలోనే తేల్చుకోమనాల్సింది. ఒక దళితుడు ప్రధాని అయ్యే దారి ఆ రోజు మూసుకుపోయింది, ఆ బాధ దేశంలో చాలామందికి ఇప్పటికీ ఉంది. ఏ పార్టీకీ చెందకుండా ఉండటం ఒకటి, న్యాయంగా ఉండటం ఇంకోటి. మొదటిది ఉన్నంతమాత్రాన రెండోది దానంతటదే రాదు.

పి.వి. గారి గురించి కూడా అడుగుతారు ఎవరో ఒకరు, అందుకని క్లుప్తంగా. 1994 లో జెనీవాలో మానవహక్కుల కమిషన్ ముందు కాశ్మీర్ మీద పాకిస్తాన్ తీర్మానం తెస్తే, మన బృందానికి నాయకుడిగా ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని పంపారు, సల్మాన్ ఖుర్షీద్, ఫారూఖ్ అబ్దుల్లా వెంట వెళ్ళారు, పాకిస్తాన్ తీర్మానం వెనక్కి తీసుకుంది. నెగ్గితే పేరు ప్రతిపక్షానికి కూడా పోతుందని తెలిసి చేసిన పని అది. 1991 లో నంద్యాల ఉప ఎన్నికలో పి.వి. మీద తెలుగుదేశం అభ్యర్థిని పెట్టొద్దని ఎన్టీఆర్ నిర్ణయించారు, ప్రధాని అయిన తెలుగువాడి మీద పోటీ వద్దని. 5 లక్షలకు పైగా మెజారిటీ వచ్చింది. ఇవి చెప్పుకోదగ్గవే. కానీ అదే పి.వి. ప్రభుత్వం 1993 జూలైలో అవిశ్వాసం నుంచి బయటపడ్డ తీరు, జేఎంఎం (జార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీలకి డబ్బులిచ్చిన కేసు, అది కూడా చరిత్రలో ఉంది. కింది కోర్టు ఆయనకి శిక్ష వేసింది, 2002 లో హైకోర్టు కొట్టేసింది. రెండూ కలిపే చదువుకోవాలి.

ఇక మన రెండు రాష్ట్రాల సంగతి, నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. 1985 లో ఫిరాయింపుల చట్టం తెచ్చారు, పదో షెడ్యూలు అంటారు. అందులో స్పీకర్‌గా ఎన్నికైనవాడు పార్టీ సభ్యత్వం వదులుకుంటే అనర్హత వర్తించదని స్పష్టంగా రాశారు, అంటే సంజీవరెడ్డి గారు చట్టం లేనప్పుడు చేసిన పనికి ఇప్పుడు చట్టమే తలుపు తెరిచి పెట్టింది. కానీ ఆ షెడ్యూలులోనే ఫిరాయింపు కేసులు తేల్చే అధికారం కూడా స్పీకర్ చేతిలోనే పెట్టారు, గడువు లేదు. దాంతో ఏమైందో చూడు. 2014 తర్వాత తెలంగాణలో టీడీపీ టికెట్ మీద గెలిచినాయన టీఆర్ఎస్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. ఆంధ్రలో వైసీపీ నుంచి 23 మంది టీడీపీలోకి వెళ్ళారు, 2017 లో వాళ్ళలో నలుగురు మంత్రులయ్యారు. 2019 లో తెలంగాణలో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 18 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనం అన్నారు. ఆంధ్రలో 2019 తర్వాత టీడీపీ వాళ్ళు కొందరు వైసీపీ వైపు చేరితే, 2024 ఫిబ్రవరిలో, ఇంక ఎన్నికలు వచ్చేశాయనగా, అటూ ఇటూ కలిపి ఎనిమిది మంది మీద అనర్హత వేటు పడింది, అప్పుడు పడి ఎవరికి లాభం? తర్వాత తెలంగాణలో బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్ వైపు వెళ్ళారన్న 10 మంది కేసు, అందులో ఒకాయన బీఆర్ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే కాంగ్రెస్ టికెట్ మీద లోక్‌సభకి పోటీ చేశారు. మూడు నెలల్లో తేల్చండని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కి చెప్పాల్సి వచ్చింది. ఏ పార్టీనీ వదిలిపెట్టకుండా రాశాను చూసుకో, అధికారంలో ఉన్న ప్రతివాళ్ళూ ఇదే చేశారు, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ప్రతివాళ్ళూ ఇదే అన్యాయం అన్నారు.

పార్టీ మారినవాళ్ళని ఎప్పుడడిగినా "నియోజకవర్గ అభివృద్ధి కోసం" అంటారు. అది పార్టీ కంటే జనం ముందు అనుకోవడమేనా అని నన్ను ఒక కుర్రాడు నిజంగానే అడిగాడు. కాదు నాయనా. ఎవరైనా అధికారంలో ఉన్న పార్టీని వదిలి ఓడిపోయిన పార్టీలోకి నియోజకవర్గం కోసం వెళ్ళాడేమో వెతికి చూడు. ఎమ్మెల్యే పదవికి ముందు రాజీనామా చేసి, కొత్త గుర్తు మీద మళ్ళీ జనం దగ్గరికి వెళ్ళినవాణ్ణి నేను గౌరవిస్తాను, ఓడినా సరే.

అలాగని పార్టీ అంటేనే చెడ్డదని అనుకోవద్దు. పార్టీ లేకపోతే పేదవాడు ఎన్నికల్లో నిలబడలేడు, బాలయోగి గారు లోక్‌సభ మొహం చూసేవారు కాదు. 1947 లో నెహ్రూ మొదటి మంత్రివర్గంలో కాంగ్రెస్‌ని జీవితమంతా విమర్శించిన అంబేద్కర్‌ని, హిందూ మహాసభ శ్యామాప్రసాద్ ముఖర్జీని, జస్టిస్ పార్టీ నుంచి వచ్చిన షణ్ముఖం చెట్టిని తీసుకోగలిగారంటే, కాంగ్రెస్ బలంగా ఉండబట్టే ఆ ధైర్యం వచ్చింది. మంత్రులు పార్టీ మనుషులుగా ఉండటంలో తప్పు లేదు, ఓటేసింది ఆ మ్యానిఫెస్టో చూసే. తీర్పు చెప్పే కుర్చీలు వేరు, స్పీకర్, గవర్నర్, రాష్ట్రపతి, ఎన్నికల కమిషనర్. ఆ కుర్చీల దగ్గర మాత్రం గీత గట్టిగా ఉండాలి.

నన్ను అడిగితే చెయ్యాల్సినవి రెండే ముందు. ఫిరాయింపు కేసులు స్పీకర్ దగ్గర్నుంచి తీసేసి స్వతంత్ర ట్రిబ్యునల్‌కి ఇవ్వాలి, సుప్రీంకోర్టు 2020 లో మణిపూర్ ఫిరాయింపు కేసులో పార్లమెంటుకి ఈ ఆలోచన చెప్పింది. అంతకుముందు 1992 లో, ఈ ఫిరాయింపుల చట్టం చెల్లుతుందా లేదా అని తేల్చిన కిహోటో కేసులోనే ఇద్దరు జడ్జిలు, సభలో మెజారిటీ దయ మీద పదవిలో ఉండే స్పీకర్ ఈ కేసులు స్వతంత్రంగా ఎలా తేల్చగలడని భిన్నమైన తీర్పు రాశారు, ముగ్గురు ఒప్పుకోకపోవడంతో అది మైనారిటీ తీర్పుగా మిగిలిపోయింది. రెండోది, స్పీకర్‌గా చేసినవాడు, గవర్నర్‌గా చేసినవాడు ఆ తర్వాత కొన్నేళ్ళపాటు మంత్రి పదవికి గానీ, ప్రభుత్వం ఇచ్చే ఇంకే పదవికి గానీ వెళ్ళకుండా చట్టం కావాలి. ఇది కఠినంగా ఉందని, అనుభవం ఉన్నవాళ్ళని వదులుకుంటామని అంటారు. వదులుకుందాం. మంచి మంత్రులు దొరక్క ఈ దేశం ఆగిపోలేదు, నమ్మదగ్గ అంపైర్ లేక ఆగిపోయిన సందర్భాలు మాత్రం పైన బోలెడు రాశాను.

నీకు ఇంకా చదవాలనిపిస్తే లోక్‌సభ చర్చలు పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో ఉచితంగా దొరుకుతాయి. 1967 మార్చి 17, 1999 ఏప్రిల్ 17, 2008 జూలై 22, ఈ మూడు రోజుల రికార్డు తీసి, కుర్చీలో కూర్చున్నాయన ఎవరిని ఎప్పుడు మాట్లాడనిచ్చారో, ఎవరిని కూర్చోబెట్టారో చూడు. ఆ తర్వాత మన అసెంబ్లీలో ఈ మధ్య జరిగిన ఏ రోజు రికార్డైనా తీసి పక్కన పెట్టుకుని చదువు, అనుమానాలుంటే ఇక్కడే అడుగు, తెలిసింది చెప్తాను.